క్రూరమృగములును గొఱ్ఱెపిల్లయు

ఈ నెల పాఠమునకు దానియేలు 7వ అధ్యాయమును, ప్రకటన గ్రంథము 5, 13 అధ్యాయములను చదువుకొనవలెను. కుటుంబ ప్రార్థనలో దినమునకు ఒక అధ్యాయము చొప్పున, చదువురానివారు కూడ వినునట్లు పెద్దగా చదివి, ఆ తరువాత ఈ పాఠమును చూచినయెడల మేలుగా నుండును.



మా సంఘములలో ఒకదానియందు విధవరాలైన ఒక సహోదరి రెండు నెలలపాటు రేషను షాపునకు వెళ్లుట మానివేసెను. బియ్యము తీసికొనుటకు ముందు అక్కడి మిషను మీద వేలిముద్ర వేయవలెను గదా! అదియే క్రూరమృగము ముద్ర అని, దానిని వేసినవారికి రక్షణ లేదని, బయటనుండి వచ్చిన ఒక బోధకుడు రాత్రి కూటములో చెప్పెనట. ఆమె పోషణలో ఇద్దరు మనుమలున్నారు. మేము ఆ యింటికి వెళ్లినప్పుడు పొయ్యి మీద గంజి కాగుచుండెను. ఆ నూకలు పొరుగువారు ఇచ్చినవి. "అయ్యగారూ, బియ్యం కోసం ఆత్మను పోగొట్టుకోమంటారా?" అని ఆమె మమ్మును అడిగెను.

ఆమె భక్తిని చూచి మేము సిగ్గుపడితిమి. ఇన్ని సంవత్సరములుగా సంఘములో బోధించుచు, మేము ఆ అధ్యాయమును ఆమెకు ఒక్కసారియైనను విప్పి చెప్పలేదు. కష్టమైన భాగమని దాటిపోతిమి. మేము ఖాళీగా విడిచిన చోట భయము వచ్చి కూర్చుండెను. కాబట్టి బైబిలులోని వింత జీవులను గూర్చి ఈ నెల నెమ్మదిగా ఆలోచింతము.

1. అన్నియు ఒక్క తీరు కావు

మొదట మనము తెలిసికొనవలసినది ఇది: లేఖనములలో మనకు వింతగా కనబడు జంతువులు రెండు విధములు. కొన్ని నిజముగా భూమి మీద తిరిగినవి. కొన్ని దర్శనములో మాత్రమే చూపబడినవి. ఈ రెంటిని కలిపివేసినయెడల తికమక కలుగును.

మొదటి విధమునకు మన తెలుగు బైబిలులోని గురుపోతును చూడుడి (సంఖ్యాకాండము 23:22, యోబు 39:9). 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలులో ఆ చోట ఒంటికొమ్ము జంతువు అను అర్థమిచ్చు మాట యున్నది. క్రీస్తునకు పూర్వమే హెబ్రీ గ్రంథమును గ్రీకులోనికి మార్చినవారు 'రెయేమ్' అను మాటకు ఒంటికొమ్ముది అని వ్రాసిరి, ఆ మాటయే తరతరములు నడిచెను. అయితే ద్వితీయోపదేశకాండము 33:17లో దాని కొమ్ములు ఒకటి కాక ఎక్కువ యున్నట్లు స్పష్టముగా నున్నది. అది బలమైన అడవి యెద్దు. 1885లో సవరింపబడిన ఇంగ్లీషు బైబిలు కూడ అట్లే దిద్దెను. ఆ జాతి పశువులలో చివరిది 1627లో పోలండు దేశమున చనిపోయెను. గనుక ఒంటికొమ్ము జంతువును గూర్చి ఎవరైన ఎగతాళి చేసినయెడల మీరు కలవరపడవద్దు. మన తెలుగు అనువాదకులు ఆ చోట మంచి మాటనే ఎన్నుకొనిరి.

యోబు 40, 41 అధ్యాయములలో నీటిగుఱ్ఱము, మకరము కనబడుచున్నవి. హెబ్రీలో వాటి పేళ్లు బెహేమోతు, లెవియాతాను. నైలునదిలోని నీటిగుఱ్ఱమును, మొసలియు అని అనేకులు వీటికి అర్థము చెప్పుదురు. అయితే దేవుడు యోబునకు జంతువుల పాఠము చెప్పుటలేదు. వీటిని నీవు కట్టివేయగలవా, లోకమును నీవు ఏలగలవా అని అడుగుచున్నాడు. యెషయా 27:1లో అదే మకరము దేవునికి ఎదురుతిరుగు శక్తికి గుర్తుగా మారెను. ఇక్కడనుండి రెండవ విధము ప్రారంభమగుచున్నది.

2. గ్రంథమే అర్థము చెప్పనిమ్ము

మన దేశపు రాజముద్రలో సింహములున్నవి. సారనాథులోని అశోకస్తంభమునుండి తీసికొని 1950 జనవరి 26న దానిని స్వీకరించిరి. రూపాయి నాణెము మీద దానిని మనము ఎల్లప్పుడు చూచుచున్నాము. విజయనగర రాజుల నాణెముల మీద రెండు తలల గండభేరుండము ఉండెను. ఆ పక్షిని పట్టుటకు ఎవరైన ఉచ్చులు తీసికొని అడవికి పోయిరా? లేదు. అది రాజ్యమునకు గుర్తు అని పసివారికిని తెలియును.

దానియేలు 7వ అధ్యాయములో సముద్రమునుండి నాలుగు మృగములు ఎక్కి వచ్చెను: పక్షిరాజు రెక్కలు గల సింహము, నోట మూడు ప్రక్కటెముకలు గల ఎలుగుబంటి, నాలుగు తలల చిరుతపులి, ఇనుప దంతములు గల భయంకరమైన నాలుగవది. దానియేలు కూడ మనవలెనే కలవరపడెను. కాని అతడు ఊహలు చేయక, దగ్గర నిలిచియున్నవానిని అడిగెను. ఆ నాలుగు మృగములు నలుగురు రాజులని అతనికి జవాబు వచ్చెను (7:17). తరువాతి అధ్యాయములో పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులనియు, మేకపోతు గ్రేకుల రాజనియు దేవదూత పేరు పెట్టి చెప్పెను (8:20, 21).

ప్రకటన గ్రంథమును ఇట్లే చదువవలెను. ఘటసర్పము ఎవరు? 12:9లో జవాబున్నది: సాతాను. పది కొమ్ములు ఏమి? 17:12లో జవాబున్నది: పదిమంది రాజులు. జలములేమి? 17:15లో జవాబున్నది: ప్రజలును జనములును. తాళమున్న చోటనే తాళపుచెవియు వ్రేలాడుచుండగా మనము గోడకు కన్నము వేయనేల?

3. ఆ కాలపువారు ఏమి చూచుచుండిరి?

చెరలోనికి పోయిన యూదులకు రెక్కల మృగములు క్రొత్త కావు. 1845 మొదలు లేయార్డు అను ఇంగ్లీషువాడు అష్షూరు రాజుల నగరులను త్రవ్వించినప్పుడు మనుష్యుని తలయు, ఎద్దు శరీరమును, రెక్కలును గల గొప్ప రాతి విగ్రహములు ద్వారముల యొద్ద బయటపడెను. 1899 మొదలు 1917 వరకు కోల్డెవే అను జర్మను పండితుడు బబులోనును త్రవ్వించెను. నెబుకద్నెజరు కట్టించిన రాజవీథి గోడల మీద నడచుచున్న సింహములును, ఇష్తారు ద్వారము మీద ఎద్దులును, పాము తలయు సింహపు ముందుకాళ్లును పక్షిరాజు వెనుకకాళ్లును గల వింత మృగములును కనబడెను. బందీలుగా వచ్చినవారు బబులోను బలము ఎట్టిదో ఆ గోడల మీదనే చూచియుందురు.

ఇప్పుడు యెహెజ్కేలు మొదటి అధ్యాయము తెరువుడి. కెబారు నది యొద్ద, చెరలోనివారి మధ్య, అతడు నాలుగు జీవులను చూచెను. వాటికి మనుష్యుని, సింహపు, ఎద్దు, పక్షిరాజు ముఖములుండెను. అవి కెరూబులని 10:20లో అతడే చెప్పుచున్నాడు. మనుష్యుడు సృష్టి అంతటిలో, సింహము అడవి మృగములలో, ఎద్దు పెంపుడు పశువులలో, పక్షిరాజు పక్షులలో గొప్పవని ప్రాచీనులు చెప్పిరి. బబులోనువారు ద్వారముల యొద్ద నిలిపి భయపడిన రూపముల వంటివి ఇక్కడ దేవుని సింహాసనము క్రింద సేవకులై యున్నవి. ఆ సింహాసనమునకు చక్రములు కూడ కలవు! యెరూషలేములోనే దేవుని విడిచి వచ్చితిమని ఏడ్చుచున్నవారి యొద్దకు ఆయన తానే బయలుదేరి వచ్చెను. దర్శనములోని ఆదరణ అదియే. కూలికొరకు ఊరు విడిచి దూరదేశమునకు పోయిన మన బిడ్డల తల్లిదండ్రులు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

4. ఒక జంతువునకు ఒకే అర్థము లేదు

సింహము అనగానే ఒకే అర్థము పెట్టుకొనరాదు. 1 పేతురు 5:8లో గర్జించు సింహము అపవాది, ప్రకటన 5:5లో యూదా గోత్రపు సింహము మన ప్రభువు. సర్పము ఆదికాండము 3లో మోసగాడు, సంఖ్యాకాండము 21లో మోషే ఎత్తిన ఇత్తడి సర్పమును ప్రభువు తన సిలువకు గుర్తుగా చెప్పెను (యోహాను 3:14), మత్తయి 10:16లో అది వివేకమునకు మాదిరి. ఆ ఇత్తడి సర్పమునకే ప్రజలు ధూపము వేయ మొదలుపెట్టినప్పుడు హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). గుర్తును గుర్తుగానే ఉంచవలెను గాని దానికి మ్రొక్కరాదు, దానికి భయపడనురాదు.

నాలుగు జీవులు నాలుగు సువార్తలకు గుర్తులని కొన్ని గుడుల అద్దముల మీద బొమ్మలుండును. మత్తయికి మనుష్యుడు, మార్కునకు సింహము, లూకాకు ఎద్దు, యోహానునకు పక్షిరాజు అనునది జెరోము చెప్పిన వరుస. కాని అతనికంటె రెండు వందల ఏండ్లు ముందున్న ఇరేనియసు మార్కునకు పక్షిరాజును, యోహానునకు సింహమును ఇచ్చెను. పరిశుద్ధులైన పెద్దలే ఏకీభవింపలేదు. కనుక అట్టివి ధ్యానమునకు సహాయములే గాని విశ్వాసమునకు పునాదులు కావు.

5. మృగమును దాని సంఖ్యయు

ప్రకటన 13లోని మృగమునకు చిరుతపులి శరీరము, ఎలుగుబంటి పాదములు, సింహపు నోరు ఉన్నవి. ఇవి దానియేలు చూచినవే! పూర్వపు రాజ్యముల క్రౌర్యమంతయు ఒకదానిలో కూడి వచ్చెనని దీని భావము. యోహాను వ్రాసినది ఆసియలోని ఏడు సంఘములకు. వాటిలో పెర్గము ఒకటి. అక్కడ క్రీ.పూ. 29లోనే ఆగస్టు చక్రవర్తికి గుడి కట్టుటకు సెలవు దొరికెను. క్రీ.శ. 64లో రోమా పట్టణము కాలిన తరువాత నీరో చక్రవర్తి క్రైస్తవులను ఘోరముగా చంపించెను. ఏలిక తనకు మ్రొక్కుమని అడుగుట ఆ సంఘములకు ప్రతిదినపు శోధనయై యుండెను.

హెబ్రీ అక్షరములకు అంకెల విలువ కలదు. నీరో కైసరు అను పేరును ఆ అక్షరములలో వ్రాసి కూడినయెడల 666 వచ్చునని అనేక పండితులు చెప్పుదురు. కొన్ని ప్రాచీన ప్రతులలో 616 అని యున్నది. పేరులో ఒక అక్షరము తీసివేసినయెడల ఆ లెక్కయు సరిపోవును. ఈ రెండవ సంఖ్య ఇరేనియసునకు కూడ తెలియును. అతడు కొన్ని పేళ్లను లెక్కకట్టి చూచి, తొందరపడి పేరు నిర్ణయించుటకంటె నెరవేర్పు కొరకు కనిపెట్టుటయే క్షేమమని హెచ్చరించెను. ఆ హెచ్చరికను వినని వారెందరో యున్నారు. అమెరికాలో విలియము మిల్లరు దానియేలు 8:14లోని 2300 దినములను సంవత్సరములుగా లెక్కించెను. 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని అతని అనుచరులు నమ్మిరి. కొందరు పంటలు కోయక పొలములోనే విడిచిరి. ఆ దినము దాటిపోయెను, అనేకుల హృదయములు పగిలెను.

అయితే ఆ అధ్యాయము పాతకాలపు కథ అని మూసివేయుదమా? అట్లు కాదు. ఆ ముద్ర ఎవరికి వేయబడినదో గమనించుడి: మృగమునకు మ్రొక్కినవారికి. వెంటనే 14వ అధ్యాయములో గొఱ్ఱెపిల్లవారి నొసళ్లయందు తండ్రి నామము వ్రాయబడి యున్నది. కంటికి కనబడు మచ్చ ఏదని కాదు, నీవు ఎవనివాడవు, ఎవనికి మ్రొక్కుచున్నావు అనునదే ప్రశ్న. బియ్యము లెక్క కొరకు వేసిన వేలిముద్రలో మ్రొక్కు లేదు. కాని ఉద్యోగము కొరకు అబద్ధసాక్ష్యము చెప్పినప్పుడు, ఓటునకు డబ్బు తీసికొని మనస్సాక్షిని అమ్మినప్పుడు, పెద్దమనిషి కోపమునకు జడిసి బీదవానికి అన్యాయము చేసినప్పుడు మన చేతిమీద ఎవని ముద్ర పడుచున్నదో పరీక్షించుకొందము.

అదే అధ్యాయములో రెండవ మృగమొకటి కలదు. దాని కొమ్ములు గొఱ్ఱెపిల్ల కొమ్ములవంటివి, మాట ఘటసర్పము మాట. బైబిలు చేతపట్టుకొని భయమును అమ్మువారిని చూచినప్పుడు ఈ మాట తలంచుకొనుడి. మేమును దీనిని చదివి మమ్మును మేము పరీక్షించుకొనుచున్నాము.

6. విన్నది సింహము, చూచినది గొఱ్ఱెపిల్ల

ఈ జీవులన్నిటికి తాళపుచెవి ప్రకటన 5లో నున్నది. గ్రంథము విప్పువాడెవడును లేడని యోహాను ఏడ్చుచుండగా, యూదా గోత్రపు సింహము జయించెనని ఒక పెద్ద చెప్పెను. యోహాను తలయెత్తి చూచెను. సింహము లేదు! వధింపబడినట్లున్న గొఱ్ఱెపిల్ల నిలిచియుండెను. దానికి ఏడు కొమ్ములును ఏడు కన్నులును కలవు. ఇదియు వింత రూపమే. కొమ్ము బలమునకు గుర్తు, ఏడు సంపూర్ణతకు గుర్తు, ఆ కన్నులు దేవుని ఆత్మలని వచనమే చెప్పుచున్నది.

లోకరాజ్యములు కోరలు చూపి జయించును. మన ప్రభువు గాయములు చూపి జయించెను. గొఱ్ఱెలను మేపువారమైన మనకు ఇది బోధపడదా? మందలో అన్నిటికంటె బలహీనమైనది ఆ పిల్ల. తోడేలు మొదట దానిమీదనే పడును. అట్టిదే సింహాసనము మధ్యను నిలిచినది, మృగములు అగ్నిగుండమునకు పోయినవి.

మేము ఆ సహోదరి యొద్ద కూర్చుండి ఐదవ అధ్యాయము మొదట చదివి, ఆ తరువాతనే పదమూడవది చదివితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. "అయితే నా నొసట ముందే ఆయన పేరుందన్నమాట" అని కడపట అనెను. మరుసటి నెల సంచి తీసికొని షాపునకు వెళ్లెను. ఆ ఆదివారము కానుకల పళ్లెములో పిడికెడు బియ్యము కూడ వేసెను.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. దానియేలు తన దర్శనము అర్థము కానప్పుడు ఏమి చేసెను? మనము ఏమి చేయుచున్నాము?
2. సింహము, సర్పము అను గుర్తులు ఏయే చోట్ల ఏయే అర్థములతో వచ్చినవి?
3. మన ఊరిలో ఏ శక్తి మన భయమును, మన మ్రొక్కును అడుగుచున్నది?
4. భయపడియున్న పొరుగువారికి ఈ వారము ఎవరు వెళ్లి ఐదవ అధ్యాయము చదివి వినిపింతురు?

ప్రార్థన: వధింపబడి లేచిన ప్రభువా, మృగముల అరుపు మా చెవిని పడునప్పుడు నీ గాయములను మాకు చూపుము. తెలియనిదానికి కనిపెట్టు ఓర్పును, తెలిసినదానిని చేయు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.