చిప్‌ను నిద్రపుచ్చడం వచ్చా?

శంషాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లో ఈసీఈ చదివినవాళ్లు చాలామంది పట్టా చేతికి రాగానే జావా కోసం అమీర్‌పేట బస్సెక్కుతారు. చిప్‌లకు ప్రోగ్రాములు రాసే ఎంబెడెడ్ పని నేర్పే చోటేమో విమానాశ్రయానికి దగ్గర్లోనే, శ్రీశైలం హైవే మీది హార్డ్‌వేర్ పార్కులో ఉంది. అక్కడి సీడాక్ కేంద్రంలో ఎంబెడెడ్ సిస్టమ్ డిజైన్ పీజీ డిప్లొమా 900 గంటల కోర్సు, దాదాపు ఆరు నెలలు. సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఫీజు చిన్నదేమీ కాదు కాబట్టి ఈ పని మీకు నచ్చుతుందో లేదో ముందు ఇంట్లోనే తేల్చుకోండి.

అందుకు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎంఎస్‌పీ430 లాంచ్‌ప్యాడ్ బోర్డు చాలు. దాని మీద వచ్చే జీ2553 చిప్‌లో ర్యామ్ 512 బైట్లే. అంత ఇరుకులో రాస్తేనే సీ భాష ఒంటబడుతుందని నా నమ్మకం. ఎన్‌పీటెల్‌లో ధనంజయ్ గద్రే తదితరులు చెప్పిన ఎంబెడెడ్ పాఠాలు ఈ చిప్ కుటుంబం మీదే నడుస్తాయి, ఉచితంగా వినొచ్చు.

ఎల్ఈడీ వెలిగించడం ఒక పూట పని. అసలు చదువు కరెంటు లెక్కతో మొదలవుతుంది. ఈ చిప్ 1 మెగాహెర్ట్జ్ వేగంతో మేలుకుని ఉంటే సుమారు 230 మైక్రోఆంపియర్లు తాగుతుంది. 220 మిల్లీఆంపియర్ అవర్ల బిళ్ల బ్యాటరీ నలభై రోజుల్లో ఖాళీ. టైమర్ ఒక్కటే నడిచే నిద్రలో అర మైక్రోఆంపియర్ సరిపోతుంది. కాగితం మీద యాభై ఏళ్లు! (బ్యాటరీ అంతకాలం బతకదనుకోండి.) నిమిషానికోసారి లేచి, పది మిల్లీసెకన్లలో సెన్సర్ చదివి మళ్లీ పడుకుంటే సగటు ఖర్చు పెద్దగా పెరగదు. అందుకే డిలే లూపులు మానేసి టైమర్ ఇంటరప్టులు పట్టుకోండి. వాడని పిన్నులను గాలికొదిలేయొద్దు, వాటి వల్లా కరెంటు కారుతుంది.

చవక మల్టీమీటర్‌కు అర మైక్రోఆంపియర్ ఆనదు. సరఫరా తీగలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి దానిమీద వోల్టేజీ చూడండి: 5 మిల్లీవోల్టులు వస్తే లెక్క కుదిరినట్టే. చిప్ లేచే సమయానికి మాత్రం రెసిస్టర్ రెండు చివరలనూ తీగతో కలిపేయాలి, లేకపోతే వోల్టేజీ పడిపోయి రీసెట్ అవుతుంది.

నేను ఇంటర్వ్యూ చేస్తే అడిగే మొదటి ప్రశ్న ఇదే: మీ బోర్డు నిద్రలో ఎంత తాగుతుంది, ఎలా కొలిచారు? రెజ్యూమెలో ‘ఐఓటీ ప్రాజెక్టు’ అని రాసిన చోట ఆ అంకె వేయండి.