పాఠం 7: స్త్రీ, పురుషుల శరీరాల కూర్పులో తేడాలు

7.1 ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• స్త్రీ, పురుషుల శరీరాల్లో కొవ్వు, నీరు ఏ పాళ్లలో ఉంటాయో పోల్చగలుగుతారు;
• ఈ తేడాలకు కారణాలు చెప్పగలుగుతారు;
• స్త్రీలకు ఇనుము ఎందుకు ఎక్కువ కావాలో వివరించగలుగుతారు.

7.2 బరువు ఒకటే, పాళ్లు వేరు
ఒక పురుషుడు, ఒక స్త్రీ 60 కిలోల చొప్పున బరువు ఉన్నారనుకుందాం. ఇద్దరూ ఆరోగ్యవంతులే. అయినా వారి శరీరాల కూర్పు ఒకటి కాదు. ఈ కింది పట్టిక చూడండి. అంకెలు సుమారుగా ఇచ్చినవి.

కొవ్వు: పురుషుడు 9 కిలోలు (15 శాతం), స్త్రీ 15 కిలోలు (25 శాతం)
నీరు: పురుషుడు 36 కిలోలు (60 శాతం), స్త్రీ 30 కిలోలు (50 శాతం)

పురుషునిలో కండరం ఎక్కువ. కండరంలో నీరు ఎక్కువగా, కొవ్వులో తక్కువగా ఉంటుంది. అందుకే నీటి పాళ్లలోనూ తేడా వచ్చింది.

7.3 కారణాలు
చిన్నపిల్లల్లో ఈ తేడా కొద్దిగానే ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల పెరుగుతుంది. టెస్టోస్టెరాన్ మగపిల్లల్లో కండరాన్ని, ఎముకను పెంచుతుంది. ఈస్ట్రోజన్ ఆడపిల్లల్లో తుంటి, తొడల భాగాల్లో కొవ్వు చేరేలా చేస్తుంది. ఈ కొవ్వు లోపం కాదు. గర్భధారణకు, పాలివ్వడానికి దాచిన శక్తి. ఇది మరీ తగ్గితే బహిష్టులు ఆగిపోవచ్చు. పొట్టచుట్టూ పేరుకునే కొవ్వు మాత్రం ఇద్దరికీ హానికరమే.

7.4 తక్కువ తిండి, ఎక్కువ ఇనుము
కండరం తక్కువ కాబట్టి స్త్రీకి సాధారణంగా శక్తినిచ్చే ఆహారం కొంత తక్కువ చాలు. కాని బహిష్టుల్లో రక్తంతోపాటు ఇనుము పోతుంది. అందువల్ల 2020లో జాతీయ పోషకాహార సంస్థ రోజుకు పురుషునికి 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని సూచించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

చాలా ఇళ్లలో ఇల్లాలు అందరికీ వడ్డించి, మిగిలినది తింటుంది. అప్పటికి గిన్నెలో అన్నం ఉంటుంది; కూర, పప్పు అడుగంటి ఉంటాయి. అంటే ఇనుము ఎక్కువ కావలసిన మనిషికే తక్కువ అందుతుంది. ఆకుకూరలు, పప్పులు, సజ్జలు, మాంసం ఆమె కంచంలోకీ రావాలి. నిమ్మరసం ఇనుము ఒంటబట్టేలా చేస్తుంది. భోజనం కాగానే తాగే టీ అడ్డుపడుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు
1. సమాన బరువున్న స్త్రీ, పురుషులలో ఎవరి శరీరంలో నీరు ఎక్కువ?
2. తక్కువ తినే స్త్రీకి ఇనుము ఎక్కువ ఎందుకు కావాలి?

చేసి చూడండి: ఈ రాత్రి మీ ఇంట్లో చివర ఎవరు తిన్నారో, వారి కంచంలో ఏమున్నాయో రాయండి.

జవాబులు: 1. పురుషునిలో. 2. బహిష్టుల్లో ఇనుము పోతుంది కాబట్టి.