వేషము చూచుట, మనిషిని చూచుట



ఈ సంచికలో పాఠముగా తీసికొన్న విషయము దయ. బసవేశ్వరుని బోధలో దయకు గల స్థానము మన ఇండ్లలోని పిల్లలకు సైతము తెలియును. కావున దయ గొప్పదని మరల నిరూపింపబూనను. తెలిసినవారియందు దయ చూపుట కష్టము కాదు. ఎవరో తెలియని మనిషి, మాసిన బట్టలతో, మనకు అర్థము కాని భాషతో, వాకిట నిలిచినప్పుడు ఏమి చేయవలెనన్నదే ప్రశ్న. తిరుపతి, శ్రీకాళహస్తి, కాణిపాకము వంటి క్షేత్రములు గల ఈ సీమలో ఆ ప్రశ్న ఏడాదికొకసారి వచ్చునది కాదు. ప్రతి ఉదయము బస్సు దిగి వచ్చుచున్నది.

మొదట మన ఇంటి సంగతి చూతము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు ఇష్టలింగము అన్ని వృత్తులవారి అరచేతికి వచ్చెను. తోళ్ళు పదునుచేయు డోహర కక్కయ్య, చెప్పులు కుట్టు హరళయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య శరణులై ఒకే గోష్ఠిలో కూర్చుండిరి. లింగము ధరించిన పిమ్మట వాని పూర్వపు జాతిని తలచరాదని వారు పెట్టుకొన్న నియమము. ఆ నియమమును మాటతో విడువక, బ్రాహ్మణ కుటుంబమునుండి వచ్చిన మధువరసుని కుమార్తెను హరళయ్య కుమారునికిచ్చి వివాహము చేసిరి. అందులకు ఆ ఇరువురు తండ్రులు ప్రాణములతో వెల చెల్లించిరి.

మనిషిపైనున్న గుర్తులను చెరిపివేయుటకు వచ్చిన లింగము మన చేతిలో మరియొక గుర్తుగా మారుచున్నదా అని నా సందేహము. వాకిట నిలిచినవాని నొసట విభూతి యున్నదా, మెడలో లింగకాయ యున్నదా అని చూచి, యున్నచో చాప పరచుట, లేనిచో ‘ముందరికి పో’ యని చేయి ఊపుట మన యిండ్లలో లేదని ఎవరైన చెప్పగలరా? భవి, భక్తుడు అను విభాగము మన గ్రంథములలో లేదని నేననను. ఉన్నది; కొన్ని తావుల కఠినముగనే యున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి ఆ కాఠిన్యము తెలియును. కాని ఆ నియమములు పూజకు, సహపంక్తికి, వియ్యమునకు చెందినవి. దప్పిగొన్నవానికి నీరిచ్చుటకు ముందు వాని దీక్ష నడుగవలెనని పంచాచారములలో ఏ ఆచారము చెప్పుచున్నది? వానిలో భృత్యాచారమొకటి కలదు. భక్తుడు తన్ను తాను అందరికంటె చిన్నవానిగా భావింపవలెనని దాని తాత్పర్యము. చిన్నవాడు వచ్చినవారికి పరీక్షాధికారి యెట్లగును?

తెలుగు ఉపాధ్యాయుడనగుటచే ఒక మాటను గూర్చి చెప్పక ఉండలేను. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. అభ్యాగతుడనగా ఎదురుగా వచ్చినవాడు. ఈ రెండు మాటలయందును గౌరవము నిలిచియున్నది. పరదేశి యను మాటకు మాత్రము ఆ భాగ్యము దక్కలేదు. వేరొక దేశమువాడని మాత్రమే దాని అర్థము. మన సీమలోను, ప్రక్కనున్న అరవదేశమందును అది బిచ్చగానికి, దిక్కులేనివానికి పేరయ్యెను. ఊరు విడిచి వచ్చుటయే నేరమైనట్లు! మాట దిగజారుట భాష తప్పు కాదు. దానిని పలికినవారి చూపు అందులో పేరుకొనిపోయినది.

ఇక శ్రీకాళహస్తికి పోదము. 2022 వరకు చిత్తూరు జిల్లాలో నుండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ఆ వాయులింగ క్షేత్రము పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నవని మనమెరుగుదుము. శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా పాము, హస్తి యనగా ఏనుగు. సాలెపురుగు కథ నట్లుంచి, పాము ఏనుగుల కథను నెమ్మదిగా చదువుడు. పాము మణులను తెచ్చి లింగమునకు అర్పించి పోవును. ఏనుగు వచ్చి, ఎవడో లింగముపై రాళ్ళు పోసెనని వానిని తొలగించి, తొండముతో నీరు తెచ్చి అభిషేకించి, మారేడు దళములు కప్పి పోవును. మరల పాము వచ్చి చూచును. తన మణులు లేవు. ఆకులు, అలములు పడియున్నవి. ఎవడో నా స్వామిని అపవిత్రము చేయుచున్నాడని అది కుమిలిపోవును. కొన్నాళ్ళట్లు జరిగిన పిదప, పాము ఆకులలో దాగి ఏనుగు తొండమున దూరెను. ఆ బాధకు తాళలేక ఏనుగు తల మోదుకొనెను. రెండును చచ్చెను. శివుడు రెండింటికిని ముక్తినిచ్చెనని చెప్పుకొని మనము కథను సంతోషముగా ముగింతుము.

అయితే ఒక సంగతి గమనింపదగినది. చచ్చుదినము వరకు ఆ రెండును ఒకదానినొకటి చూడలేదు. ఒకటి వదలిపోయిన గుర్తును మాత్రమే రెండవది చూచినది. ఆ గుర్తునుండి ఒక శత్రువును కల్పించుకొన్నది. మణి మణియే, దళము దళమే, రెండును పూజలే. చూచు కంటికి ఒకటి రాయి, రెండవది చెత్త.

అదే కొండల నడుమ, అదే లింగమునకు, ఇంచుమించు అదే ఆపద మరియొకమారు వచ్చినది. అది కన్నప్ప కథ. పండ్రెండవ శతాబ్దమున చేక్కిళారు తమిళమున పెరియపురాణములో చెప్పిన ఈ కథను, పదుమూడవ శతాబ్దమున సోమనాథుడు బసవపురాణమున ద్విపదలో చెప్పెను. పదునారవ శతాబ్దమున ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని పేరుతో విస్తరించెను. బోయ యువకుడు నోట నీరు పట్టి తెచ్చును, పూలను తలలో తురిమి తెచ్చును, మాంసమును తాను రుచి చూచి మెత్తనిది పెట్టును. అర్చకుడు వచ్చునప్పటికి గర్భగుడిలో ఎముకలు, మాంసపు తునకలు పడియుండును. ఆయన కన్నీరు పెట్టుకొని, శుద్ధిచేసి, పూజ చేసికొని పోవును. మరునాడు మరల అంతే. మన ఉపన్యాసకులు కొందరు ఆ అర్చకుని దుష్టునిగా చూపి చప్పట్లు కొట్టించుకొందురు. అది అన్యాయము. ఆయన నిష్ఠావంతుడు. ఆయన చూచినదానిని చూచినచో మనమును అట్లే దుఃఖింతుము. పాము చేసిన ఊహయే ఆయనయు చేసెను. కాని కథ ఇచ్చట మలుపు తిరుగును. పాము చంపుటకు దాగెను. అర్చకుడు స్వప్నములో స్వామి చెప్పినట్లు, చూచుటకు దాగెను.

దాగి ఆయన చూచినదేమి? లింగము కంట నెత్తురు కారుట, బోయవాడు మందులు వెదకి, అవి పనిచేయక, తన కన్ను పెకలించి పెట్టుట, రెండవ కంటను నెత్తురు కారగా, గుడ్డివాడైన పిదప చోటు తెలియుటకై లింగముపై కాలు మోపి గురుతు పెట్టుకొనుట. పాఠకులు ఇచ్చట ఒక క్షణమాగి, ఆ కాలు మోపిన నిమిషమున మాత్రమే గుడిలో అడుగిడిన ఒకానొక బాటసారిని తలచుకొనుడు. అతడు చూచునది లింగముపై కాలు పెట్టిన వేటగానిని. అతడు చెప్పునది అబద్ధము కాదు. అతని కన్నులు చూచినది నిజమే. అతడు కేక వేసి పదిమందిని పిలిచినచో కన్నప్ప గతి యేమి?

శ్రీకాళహస్తిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవములు కన్నప్ప కొండపై ధ్వజారోహణముతో మొదలగును. స్వామివారి ధ్వజారోహణము ఆ తరువాత. ఆ వరుసను మనవారు భక్తి గొప్పతనమునకు గుర్తుగా చెప్పుదురు. అది సరియే. నాకు మాత్రము అది మొదటి చూపునకు తలవంచనందులకు దక్కిన మర్యాదగా కూడ తోచును.

ఇదంతయు పురాణమని తీసివేయుటకు వీలులేదు. 2018 వేసవిలో, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని సెల్ ఫోనులలో పుకార్లు పుట్టి ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రములలో వ్యాపించెను. ఎక్కడ క్రొత్తముఖము కనబడినను అనుమానమే. ఆ మే నెలలో తిరువణ్ణామలై జిల్లాలోని పోలూరు ప్రాంతమున ఒక కుటుంబము కులదైవపు గుడికై కారులో పోవుచుండెను. అందులో 65 ఏండ్ల పెద్దమ్మ యొకతె దారిలో కనబడిన పిల్లలకు చాక్లెట్లు పెట్టెను. అంతే. ఊరివారు గుంపుగా వెంటాడి కొట్టిరి. ఆమె చనిపోయెను, తోడివారు తీవ్రముగా గాయపడిరి. మన జిల్లాలనుండి పౌర్ణమికి అరుణాచల గిరిప్రదక్షిణమునకు వేలమంది పోవుచుందురు. అది అగ్నిలింగ క్షేత్రము. దైవదర్శనమునకు బయలుదేరిన ముసలితల్లి చేతిలోని తీపి మరొకరి కంటికి మత్తుమందుగా కనబడినది. మణి రాయిగా కనబడినట్లే, దళము చెత్తగా కనబడినట్లే. తేడా యేమనగా, పుకారు నమ్మినవారిలో ఒక్కడును ఆమెను, ‘అమ్మా, మీదే ఊరు?’ అని అడిగి ఉత్తరము వినునంతసేపు ఆగలేదు. ఆ సంవత్సరమే జులై 17న సుప్రీంకోర్టు గుంపుదాడులను అరికట్టుటకై ప్రతి జిల్లాకు ఒక బాధ్యుడైన పోలీసు అధికారిని నియమింపవలెనని రాష్ట్రములను ఆదేశించెను. న్యాయస్థానము అంతవరకే చేయగలదు.

ఇచ్చట గృహిణులు అడుగు ప్రశ్న న్యాయమైనది. ‘అయ్యవారూ, ఒంటరిగా ఇంట నుందుము, ఎవనినో ఎట్లు నమ్ముదుము?’ నమ్ముమని నేను చెప్పుట లేదు. దయ వేరు, నమ్మకము వేరు. తలుపు గొలుసు తీయకుండ కిటికీనుండి నీళ్ళచెంబు అందించినను అది దయయే. ప్రక్కింటివారిని పిలిచి, వారి యెదుట అన్నము పెట్టినను అది దయయే. అనుమానము గట్టిదైనచో 112కు ఫోను చేయుట కూడ దయకు విరుద్ధము కాదు. గుంపు చేతిలో పడకుండ ఆ పరదేశిని కాపాడునది సైతము అదే. మరియొక మాట. మోసము చిరిగిన బట్టలతోనే వచ్చునన్న నియమమెక్కడిది? పెరియపురాణమున మెయ్‌పొరుళ్ నాయనారు అను రాజును చంపిన శత్రువు ఒడలెల్ల విభూతి పూసికొని, గ్రంథము చేతబట్టి, శివయోగి వేషముతో అంతఃపురమునకు వచ్చెను. ఆ రాజు ప్రాణము పోవుచున్నను ఆ వేషమునకు హాని కలుగనీయక, వానిని క్షేమముగా సాగనంపుమని కావలివానికి చెప్పెను. అంతటి త్యాగము గృహస్థులనుండి ఎవరును కోరరు. నేను చెప్పదలచినది చిన్నది. వేషము చూచి తోలివేయువాడు, వేషము చూచి నమ్మువాడు, ఇరువురును ఒకే బడిలో చదివినవారు.

తిరుపతిలో మే నెలలో జరుగు తాతయ్యగుంట గంగమ్మ జాతర వీరశైవుల పండుగ కాదు. అయినను దానిని చూచి నేర్వదగినది కలదు. ఆడువారిని చెరచు పాళెగానిని వెదకుటకై గంగమ్మ వేషములు మార్చి తిరిగెనని అచ్చటి కథ. ఆ దినములలో జనులు బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము కట్టి వీధులలో తిరుగుదురు. ఊరంతయు వారిని అమ్మవారిగా ఆదరించును. ఊరు ఊడ్చు తోటి వేషమునకు ఇంటిముంగిట మర్యాద జరుగును. జాతర ముగిసిన మరునాటి ఉదయము నిజముగా వీధి ఊడ్చుచు వచ్చినవాడు గ్రుక్కెడు నీరడిగినచో, మనము ఏ చెంబుతో ఇచ్చుచున్నాము?

దానమని మనవారు వాడని చోట దాసోహమని వాడుటకు కారణము కూడ ఇదియే. దానము చేయువాడు పైన నిలుచును. దాసోహము చేయువాడు క్రింద నిలుచును. క్రింద నిలిచినవానికి ఎదుటివాని యోగ్యతను తూచు త్రాసు పట్టుకొను అవకాశముండదు. తుమకూరు సిద్ధగంగా మఠమున 1941 నుండి పీఠమునందుండి 2019 జనవరి 21న శివైక్యులైన శివకుమార స్వామివారు దాదాపు 10,000 మంది పిల్లలకు కుల మత భేదము లేక అన్నము, వసతి, చదువు కల్పించిరి. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న రోజుకు 2,000 మందితో ఆరంభమైన నిత్యాన్నదానము నేడు ఏ వేషమువారు పంక్తిలో కూర్చుండినను వడ్డించుచున్నది. ఆ అన్నప్రసాద భవనమునకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టుట నాకెంతయో ఉచితముగా తోచును. మన సీమలోని తరిగొండలో పుట్టి, బాల్యమందే భర్తను పోగొట్టుకొని, శిరోముండనమునకు ఒప్పుకొననందున ఊరివారి నిందలు పడిన తల్లి ఆమె. వేషమును బట్టి తీర్పు పొందుట యేమో ఎరిగినది.

మన మఠములకు రెండు మూడు విన్నపములు. వేసవిలో చలివేంద్రము పందిరిని ప్రాకారము లోపల గాక వీధివైపు వేయుడు. లోనికి రావచ్చునో లేదో తెలియక నిలిచిపోవువారు కలరు. వాకిట పలకపై పిల్లల సహాయమునకు 1098, వృద్ధుల సహాయమునకు 14567 సంఖ్యలను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. దారి తప్పిన ముసలివారిని ఏమి చేయవలెనో తెలియకనే చాలమంది ముఖము త్రిప్పుకొందురు.

తల్లులకు ఒకటి. అన్నము తినని పిల్లవానికి వీధిలో పోవు గడ్డపువానిని చూపి, ‘అదిగో బూచోడు, పట్టుకొనిపోవును’ అని బెదరించుట మానుడు. ఇరువది ఏండ్ల తరువాత పుకారు వచ్చిననాడు కర్ర పట్టుకొనునది ఆ పిల్లవాడే. ఈసారి శివరాత్రికి కాళహస్తికి పోయినప్పుడు పిల్లలను కన్నప్ప కొండ ఎక్కించి, పాము ఏనుగుల కథ చెప్పి, పాము ముందే ఏనుగును చూచియున్నచో ఏమి జరిగియుండునని అడుగుడు. ఉత్తరము మీరు చెప్పక, వారు చెప్పునంతవరకు ఆగుడు.