కుట్లు మానినా దగ్గు మానకపోతే

ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశారు. కుట్లు మానాయి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. డ్యూటీలో చేరిన రెండో రోజే దగ్గు పట్టుకుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇంత లేదే అనిపిస్తుంది. ఇంట్లో మీరు మాట్లాడిందెంత గనక? ఈ దగ్గును రేపేవాటిలో మాట ఒకటి. గట్టిగా నవ్వినా, గుండెల నిండా గాలి పీల్చినా, ఏసీ గాలి తగిలినా, పోపు ఘాటు సోకినా రావచ్చు. ఆపరేషన్‌లో లింఫు గ్రంథులు తీసేటప్పుడు పక్కనున్న నరాల కొసలు దెబ్బతినడం ఒక కారణం. పులితేన్పులు తోడైతే ఇంకా ఎక్కువ. చాలామందికి ఈ పొడిదగ్గు కొన్ని నెలల్లో తగ్గిపోతుంది.

అందుకే ఉన్న సెలవంతా ఒకేసారి ఊడ్చేయకండి. బడిలోనో, బ్యాంకు కౌంటర్లోనో, కాల్ సెంటర్లోనో నోటితో బతికేవాళ్లు మొదట్లో సగం పీరియడ్లో, రాతపనో అడగాలి. నోటిమాటగా కాదు, ‘ఎక్కువ మాట్లాడకూడదు, దుమ్ము, బరువులు వద్దు’ అని డాక్టరు చేత రాయించుకుని మరీ. మిర్చి యార్డులోనో, జిన్నింగు మిల్లులోనో పనైతే మాస్కు కట్టుకుని నెట్టుకొద్దామనుకోకుండా వేరే చోట వేయమనండి.

ఈఎస్‌ఐ ఉంటే, చందా షరతులకు లోబడి, జబ్బు సెలవుకు సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఆపరేషన్ క్యాన్సర్‌కైతే, సర్వీసు షరతులు సరిపోయినవారికి 80 శాతం చొప్పున 2 ఏళ్ల వరకు పొడిగింపుంది. ఆఫీసువాళ్లే పిలిచి చెప్తారని కూర్చోకండి.

పక్క సీటువాళ్లు కుర్చీ జరుపుకోవడం ఇంకో బాధ. టీబీ అనుకుంటారు మరి. అంటుకునేది కాదని డాక్టరు తేల్చాక, మొదటిరోజే టీ బంకు దగ్గర ‘ఆపరేషన్ దగ్గండీ’ అని చెప్పేస్తే సగం గుసగుసలు ఆగుతాయి.

బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఆ మందులకూ పొడిదగ్గు వస్తుంది. మీ అంతట మీరు మాత్రం మానేయొద్దు. జ్వరం, ఆయాసం, కళ్లె రంగు మారడం, నెత్తురు పడటం, దగ్గితే ఉన్నట్టుండి నోటినిండా నీళ్లలాంటివి రావడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు డ్యూటీ మాట మరిచి ఆస్పత్రికి వెళ్లండి. గొంతు బొంగురుపోయి, నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతుంటే, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టుకుని ఊరుకోకండి. స్వరతంత్రుల నరం దెబ్బతిని ఉండొచ్చు, సర్జన్‌కు చూపించాలి.