కారు మనిషయ్యింది

బుడ్డోడికి నాలుగేళ్ళు నిండాయి. మేనమామ పట్నం నుంచి బొమ్మ తెచ్చాడు. చూస్తే ఎర్ర కారు. విప్పితే మనిషి. టీవీలో వచ్చే రోబో లాంటిదే. బుడ్డోడు ఆ రాత్రి బొమ్మను పక్కలో పెట్టుకుని పడుకున్నాడు.

తెల్లారి మామ వెళ్ళిపోయాడు. కారును మనిషిని చేయడం బుడ్డోడికి రాలేదు. వాళ్ళమ్మ దగ్గరకు తెచ్చాడు. ఆమె పొయ్యి దగ్గర ఉంది. "తర్వాత చూద్దాం లేరా" అంది. బుడ్డోడు ఆగుతాడా? బొమ్మ చెయ్యి పట్టి లాగాడు. పుటుక్కున విరిగింది.

ఆరు వందల రూపాయల బొమ్మ! ఆమెకు కోపం ఆగలేదు. వీపు మీద ఒక్కటి వేసింది. వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

మధ్యాహ్నం ఖాళీ డబ్బాను పారేద్దామని తీసింది. ఆమె రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కంటపడిన అంకెను చదవకుండా వదలదు. డబ్బా మూలన 8 అని ఉంది. పక్కన కూడిక గుర్తు ఉంది. ఇదేమిటని పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయిని అడిగింది.

"ఎనిమిదేళ్ళు, ఆ పైన వయసు పిల్లలకని అర్థం అక్కా. ఇదిగో, ఇంకో అంకె. 20. ఇరవై సార్లు మడిస్తే గానీ కారు మనిషి కాదు."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అత్తతో అంది: "వాడిది నాలుగు. బొమ్మది ఎనిమిది. వాణ్ణి ఊరికే కొట్టాను గదత్తా."

ఈ బొమ్మలు ఎక్కడివి? మొదట జపాన్‌లో టకారా అనే కంపెనీ ఇలాంటివి చేసింది. 1984లో అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ వాటిని ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అమ్మింది. అవి కొంచెం పెద్ద పిల్లల బొమ్మలు. వాటిలో చిన్న చిన్న కీళ్ళు చాలా ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి వరసగా తిప్పాలి. వరస తప్పితే బొమ్మ బిగుసుకుపోతుంది. బలంగా లాగితే విరుగుతుంది. నాలుగేళ్ళ పిల్లవాడికి అంత వరస గుర్తుండదు. వేళ్ళకు అంత పట్టూ రాదు. అది వాడి తప్పు కాదు.

తర్వాత ఆ కంపెనీయే చిన్నపిల్లల కోసం వేరే బొమ్మలు చేసింది. వాటికి రెస్క్యూ బాట్స్ అని పేరు. మూడేళ్ళు దాటినవాళ్ళు ఆడుకోవచ్చు. భాగాలు లావుగా ఉంటాయి. రెండు మూడు సార్లు తిప్పితే చాలు. మన బజారులో వేరే కంపెనీల బొమ్మలు కూడా ఇలాంటివి దొరుకుతాయి. పేరు ఏదైతేనేం, తిప్పి చూడాలి.

శనివారం అత్తాకోడళ్ళు బుడ్డోణ్ణి తీసుకుని బొమ్మల కొట్టుకు వెళ్ళారు.

"డబ్బా విప్పి చూపించు నాయనా" అంది అత్త.

"విప్పితే ఎవరు కొంటారమ్మా?"

"విప్పకపోతే మేం కొనం."

కొట్టతను నవ్వి ఒకటి విప్పాడు. కోడలు తను తిప్పలేదు. బుడ్డోడి చేతికి ఇచ్చింది. మొదటి బొమ్మను వాడు మనిషిని చేశాడు గానీ, మళ్ళీ కారును చేయలేకపోయాడు. చాలా బొమ్మల్లో ఇదే చిక్కు. విప్పడం తేలిక, మడవడం కష్టం. అందుకే రెండు వైపులా చూడాలి. రెండో బొమ్మ మూడు మడతల్లో మారింది. ప్రతి మడతకూ టక్ మని శబ్దం వచ్చింది. ఆ శబ్దం వస్తే భాగం సరిగ్గా కూర్చుందని పిల్లవాడికే తెలుస్తుంది.

ఇంకా కొన్ని చూసుకోవాలి. మడిచేటప్పుడు వేలు నలుగుతుందేమో, అంచులు కోసుకుంటాయేమో తడిమి చూడాలి. ఊడి వచ్చే చిన్న ముక్కలు ఉండకూడదు. ఇంట్లో మూడేళ్ళ లోపు పాప ఉంటే మరీ జాగ్రత్త. పది రూపాయల బిళ్ళంత ముక్క కూడా గొంతుకు అడ్డం పడుతుంది.

లైట్లు వెలిగే బొమ్మల్లో గుండీ లాంటి బ్యాటరీ ఉంటుంది. దాని మూతకు మర ఉండాలి. పిల్లవాడి గోటికి ఊడి రాకూడదు. ఆ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని లోపల కాలుతుంది. రెండు గంటల్లోనే పుండు పడవచ్చు. కక్కించకూడదు. అరటిపండు పెట్టి చూద్దామని ఆగకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. అయస్కాంతం ముక్కలు రెండు మింగినా ప్రమాదమే. కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని పేగును నొక్కేస్తాయి.

డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు కూడా చూడాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. ప్రభుత్వం దగ్గర నమోదైన చేతిపని వాళ్ళు చేసే బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది.

రెండో బొమ్మ ధర రెండు వందల ఎనభై. అత్త బేరమాడి రెండు వందల యాభై ఇచ్చింది. బస్సులో బుడ్డోడు దాన్ని ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు.

"నాకూ ఇవ్వరా, చూస్తాను" అంది నాయనమ్మ. కాళ్ళు తిప్పింది. తల బయటకు రాలేదు.

"అట్లా కాదు నాయనమ్మా" అని వాడు బొమ్మను లాక్కున్నాడు. "ముందు చేతులు. ఆ తర్వాత తల."

చదివి చెప్పండి: డబ్బా మీద 3+ అని ఉంటే అది ఎవరి కోసం? మీ ఇంట్లో బొమ్మల డబ్బా ఉందా? దాని మీద ఏ అంకె ఉంది?