టెక్సస్‌లో ‘అడ్వాన్స్‌లో పట్టుకోండి’ చెల్లదు

నిజామాబాద్ ఖలీల్‌వాడిలోనో వినాయక్‌నగర్‌లోనో గది ఖాళీ చేసేటప్పుడు ఇంటి ఓనరుతో అనే మాట ఒకటుంది: ‘‘ఆఖరి నెల కిరాయి అడ్వాన్స్‌లో పట్టుకోండి అంకుల్.’’ ఆయన తలూపుతాడు, లెక్క తెగిపోతుంది. ఎంఎస్‌కు డాలస్, డెంటన్ వైపు వెళ్లే పిల్లలు పచ్చళ్లతో పాటు ఈ అలవాటునూ పట్టుకెళ్తారు. డిపాజిట్ ఉంది కదా అని కావాలని చివరి నెల కిరాయి ఆపితే, టెక్సస్ చట్టం ప్రకారం దానికి మూడు రెట్లు, పైగా ఓనరు లాయర్ ఫీజు మీ నెత్తిన పడొచ్చు.

ఆ చట్టం ఓనరునూ వదల్లేదు. గది అప్పగించిన 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. కోత పెడితే దేనికెంతో రాసి చూపాలి. రోజువారీ వాడకంలో వచ్చే అరుగుదలకు కోత పెట్టకూడదు. దురుద్దేశంతో ఆపితే 100 డాలర్లు, ఆపిన సొమ్ముకు మూడు రెట్లు కట్టాలి. మెలిక ఒకటే: మీ కొత్త అడ్రస్ రాసివ్వందే ఆయన పంపనక్కర్లేదు. ఫోన్‌లో చెప్పానంటే కుదరదు.

రూమ్మేట్లు నలుగురూ కలిసి సంతకం పెట్టిన లీజులో ఒకడు ఎగ్గొడితే మామూలుగా మిగతావాళ్లే కట్టాలి. మధ్యలో వెళ్లేవాడు కొత్తగా వచ్చినవాడి దగ్గర తన వాటా తీసుకుంటే పని అయిపోదు, లీజులోంచి పేరు తీయించుకోవాలి. గడువు ముగుస్తున్నా ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో లీజులో చూసుకోండి.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతుకు తూకం చీటీ ఎంత ముఖ్యమో, మీకు గదిలో చేరినరోజు ఫొటోలు అంత ముఖ్యం. కార్పెట్ మరక, ఓవెన్ లోపలి జిడ్డు, బాత్రూమ్ గోడ పగులు... అన్నీ తీసి, అదేరోజు ఓనరుకు మెయిల్ చేయండి.

వేరే దేశాలకు వెళ్తే రూల్స్ వేరు. ఇంగ్లండ్‌లో మామూలు కిరాయి ఒప్పందమైతే ఓనరు 30 రోజుల్లో డిపాజిట్‌ను ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కీములో పెట్టాలి. తగాదా వస్తే అక్కడే ఉచితంగా తేలుస్తారు. మీరు ఓనరు ఉండే ఇంట్లోనే ఒక గదిలో ఉంటే ఆ రక్షణ లేదు. జర్మనీలో ఖాళీ నోటీసు మెయిల్‌లో చెల్లదు, సంతకం చేసిన కాగితమే చేరాలి.

టెక్సస్‌లో 20 వేల డాలర్ల లోపు తగాదాకు జస్టిస్ కోర్టు ఉంది, లాయర్ లేకుండానే వెళ్లొచ్చు. అంతదాకా రాకూడదంటే తాళంచెవి ఇచ్చేరోజే రెండు ముక్కలు రాసివ్వండి: ఫలానా తేదీన ఖాళీ చేశాను, డిపాజిట్ ఈ అడ్రస్‌కు పంపండి.