కరక్కాయ నలుపు

కరక్కాయను మన పాఠకులకు క్రొత్తగా పరిచయం చేయనవసరం లేదు. త్రిఫలలో ఒకటి, పిల్లల దగ్గుకు అరగదీయని ఇల్లు ఉండదు. అయితే శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రానికి ఇదే ప్రాణమని, వైద్యవృత్తిలో ముప్పది యేండ్లు గడిపిన నాకు ఆలస్యంగా తెలిసినది.

నేను వృత్తి విరమించిన ఏడాదే నా భార్య గతించినది. చూర్ణాలు నూరిన చేతులకు పని లేకపోయినది. రాత్రులు నిద్ర పట్టేది కాదు. ఆమె రెండు దిండు గలీబులకని కొని ఉంచిన ముతక నూలుగుడ్డ బీరువాలో కనిపించినది. దానిని ఎవరికో ఇచ్చివేయుటకు మనసొప్పక, కలంకారీ ప్రయత్నించాను.

గుడ్డను గంజి పోయేవరకు ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి, పిండి ఆరవేయవలెను. పాలలోని జిడ్డు సిరాను ప్రాకనీయదు. త్రుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లము నీటిలో వేసి, మట్టికుండలో సుమారు మూడు వారాలు పులియనిచ్చి వడకట్టిన ద్రవమే సిరా. దీనిని కసిమి అంటారు. ఇది ఔషధము కాదు. లోనికి తీసుకొనరాదు, వంటపాత్రలలో చేయరాదు, పిల్లలకు అందనీయరాదు. మొన చెక్కిన వెదురుపుల్లకు గుడ్డపీలిక చుట్టి, దారము బిగిస్తే కలము సిద్ధము. పీలికను వ్రేళ్ళతో నొక్కుతూ గీయవలెను.

మొదటి గలీబు పాడైనది. నీళ్ళు కలిసిన పాలు వాడినందున చిలుక బొమ్మ గీస్తే మేఘమైనది! ఇక మిగిలినది ఒక్క ముక్కే. దానిని చేతబట్టుటకు పది దినాలు జంకాను. చివరకు చిక్కని పాలు తెప్పించి, కాల్చిన చింతపుల్లతో మామిడి కొమ్మ ఒకటి గుర్తు పెట్టుకొని, కలము ఆనించాను.

గీత మొదట పలుచని గోధుమవన్నెలో ఉంటుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయ వగరుకు మూలమైన టానిన్లు ఇనుముతో కలియుటే కారణము. ఈ సంగతి పుస్తకాలలో ఎన్నడో చదివినదే. కాని నా గీత నా కన్నుల ముందు నలుపెక్కినప్పుడు కలిగిన ఆనందము వేరు. తలయెత్తేసరికి దీపాలు పెట్టేవేళ అయినది. మధ్యాహ్నపు కాఫీ సైతం మరచిపోయాను.

నిద్రలేమికి ఇది చికిత్స అని నేను చెప్పను. నా నిద్ర ఇప్పటికీ పలుచనే; ఎక్కువ బాధ ఉన్నవారు వైద్యుని చూడవలెను. అయినా ఆ సాయంకాలము ఎవరి ఓదార్పూ ఇవ్వలేని తృప్తి నాకు దక్కినది. సంతలో ఇంతకంటె చక్కని గలీబు సులభంగా దొరుకును. నా కొమ్మకు ఆకులు ఒకవైపే ఎక్కువ.

ఒక దినము ఆరనిచ్చి, పాలవాసన పోయేవరకు పారే నీటిలో జాడించాను. గలీబు కుట్టించి ఆమె మంచముపై వేశాను. పెరటిలో ఇప్పుడు రెండవ కుండ పులుస్తున్నది.